కింది ఇంటి ఓమా, సగంలో ఆగిన ఐస్ హాకీ ఆట

కింది ఇంటి ఓమా పోయారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే ఆవిడ అక్క కొడుకు మా తలుపు తట్టి ఆ మాట చెప్పాడు. చెప్పి, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. "చివరిదాకా ప్రశ్నలే," అన్నాడు. "నొప్పికి మందు ఎక్కించే యంత్రం ఎలా పనిచేస్తుందో నర్సు చేత రెండుసార్లు చెప్పించుకుంది. రెండోసారి, నువ్వు మొదట చెప్పింది తప్పు అని కూడా అందట."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెనం మీద దోసె మాడిపోయింది.

ఓమా అంటే జర్మన్‌లో అమ్మమ్మ కావచ్చు, నాయనమ్మ కావచ్చు. ఆవిడ మాకు చుట్టం కాదు. మ్యూనిచ్ శివార్లలో మేము అద్దెకుంటున్న ఇంట్లో కింద వాటా ఆవిడది, పై వాటా మాది. మా అమ్మాయి సహస్ర పిలిచిన పిలుపే అందరికీ అలవాటైంది. ఆవిడ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. "అడగాల్సినవాళ్ళు అడిగారు, నేనే తిరిగి ప్రశ్నలు వేశాను, వెళ్ళిపోయారు," అనేవారు.

మేము ఆ ఇంట్లో దిగిన వారంలోనే బెల్ మోగింది. తలుపు తీస్తే తెల్లటి పొట్టి జుట్టుతో ఒక పెద్దావిడ. ఇక్కడ పక్కింటివాళ్ళు బెల్ కొట్టారంటే ఫిర్యాదేనని స్నేహితులు ముందే భయపెట్టి ఉన్నారు. పోపు వాసనకే వచ్చారనుకుని నేను సారీ మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"ఫిర్యాదు కాదు, ప్రశ్న. ఆ వాసన దేనిది?"

ఇంగువ డబ్బా తెచ్చి చూపించాను. మూత తీసి వాసన చూశారు. తల వెనక్కి లాక్కున్నారు. మళ్ళీ చూశారు. "డబ్బాలో ఇంత ఘోరంగా ఉన్నది నూనెలో పడగానే ఎందుకు మారిపోతుంది?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఇంగువ తింటున్నాను గానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. తెలీదన్నాను. "తెలీదు అనే మాట వాక్యం చివర పెట్టకు, మొదట్లో పెట్టు," అన్నారు. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఆ మాట కంఠతా వచ్చని తర్వాత తెలిసింది.

ఆ చలికాలమే సహస్రకు స్కేటింగ్ నేర్పడం మొదలుపెట్టారు. మా దగ్గర్లో ఒక పచ్చిక మైదానం ఉంది. గడ్డకట్టే చలి వస్తే పంచాయతీవాళ్ళు దాని మీద నీళ్ళు పెడతారు, తెల్లారేసరికి అద్దంలా తయారవుతుంది. పిల్లను దాని మీదకు దింపే ముందు ఓమా వంగి, ఊతకర్రతో మంచును కొట్టి చెవి ఒగ్గి వినేవారు. కింద ఉన్నది జానెడు నీళ్ళు కూడా కాదు. పగిలినా పాదం తడుస్తుంది, అంతే. అయినా వినేవారు. "మా తాత అలవాటు," అన్నారు ఒకసారి. "మీ భాషలో దీన్ని ఏమంటారు?"

"మంచు."

"మరి పైనుంచి పడేదాన్ని?"

"అదీ మంచే."

"పొద్దున పొలాల మీద కమ్ముకునేదీ?"

"మంచే."

ఆవిడ నిజంగా కంగారుపడ్డారు. "అయితే మీవాళ్ళు ఏది కాలి కింద విరుగుతుందో ఎలా చెప్పుకుంటారు?"

మా ఖమ్మంలో ఏదీ కాలి కింద విరగదని చెప్పాను. చాలాసేపు నవ్వారు.

ఆవిడ హాల్లో గోడకు ఒకే ఒక్క ఫోటో ఉండేది. యూనిఫాం వేసుకున్న కుర్రాళ్ళు, బూట్లకు తోలు పట్టీలతో కట్టిన స్కేట్లు, చేతుల్లో వంకీ కర్రలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మొదటి యుద్ధానికి కొన్నేళ్ళ ముందు తీసినది. బవేరియాలో ఒక సైనిక పాఠశాల ఐస్ హాకీ జట్టు. ఆ పాఠశాల ఇప్పుడు లేదు. "మధ్యలో నిలబడ్డవాడు మా తాత," అన్నారు ఓమా. "కెప్టెన్. పిరికివాడు."

ఆ చివరి మాట ఎంత మామూలుగా అన్నారంటే, నా జర్మన్ తప్పేమోననుకుని మళ్ళీ అడిగాను. తప్పు కాదు.

ఆ సీజన్ గురించి ఆవిడకు తెలిసిందంతా తాత చెప్పగా విన్న ముక్కలే. అప్పటికి జర్మనీలో ఆ ఆట కొత్త. కొందరు బంతితో ఆడేవాళ్ళు, కొందరు చక్రంలాంటి బిళ్ళతో. పాఠశాల కవాతు మైదానంలోనే నీళ్ళు పోసి గడ్డకట్టించారు. కర్రలు వడ్రంగి షెడ్డులో తామే చెక్కుకున్నారు. గోల్ కాసే కుర్రాడికి, అదే గోలీకి, కాళ్ళ చుట్టూ గడ్డి కూరిన గోతాలు. మొదటి మ్యాచ్‌లో నగరం క్లబ్బు చేతిలో చిత్తుగా ఓడిపోయారు. ఎందుకంటే కుర్రాళ్ళందరూ కవాతులో నేర్చుకున్నట్టు ఒకే వరసలో, భుజం భుజం కలిపి దూసుకెళ్ళారు. అవతలివాళ్ళు తీరిగ్గా పక్కనుంచి వెళ్ళి గోల్ కొట్టారు. ఆ తర్వాత తాత తన జట్టుతో, మంచు మీద ఎవరి తలతో వాళ్ళు ఆలోచించుకోవాలి అన్నాడట. అక్కణ్ణుంచి గెలవడం మొదలుపెట్టారు. విద్యార్థుల జట్టును ఓడించారు, ఇంకో రెండు ఊళ్ళను ఓడించారు. చివరి మ్యాచ్ దక్షిణాన ఒక సరస్సు మీద, ఆ ఊరి క్లబ్బుతో. కప్పు పెట్టారు. అధికారులు, వాళ్ళ అతిథులు రైల్లో చూడ్డానికి వచ్చారు.

ఆట సగంలో తాత తన జట్టును మంచు మీంచి బయటికి తీసుకొచ్చేశాడు. తిరిగి దిగమని అధికారి ఆజ్ఞాపించినా దిగలేదు. కప్పు అవతలివాళ్ళకు ఇచ్చేశారు. ఆ నెలలోనే తాతను పాఠశాల నుంచి పంపేశారు. ఓడిపోతానని భయపడి పారిపోయాడని చెప్పుకున్నారు. అతను తర్వాత యుద్ధంలో మామూలు సిపాయిగా పనిచేసి, బతికి వచ్చి, చిన్న ఊళ్ళో సైకిల్ షాపు పెట్టుకున్నాడు. కానీ మాట అతనికంటే ముందే ఆ ఊరు చేరింది. ఓమా నాన్న పిరికివాడి కొడుకుగా పెరిగాడు. ఆ పేరు కడుక్కోవాలని రెండో యుద్ధానికి తనంతట తానే పేరిచ్చి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఓమా ఆయన్ని చూడనే లేదు. ఆవిణ్ణీ అక్కనీ పెంచింది ఆ తాతే.

"స్కూల్లో ఎవరో అంటే ఇంటికొచ్చి అడిగాను," అన్నారు ఓమా. "తాతా, నువ్వు పిరికివాడివా అని. చక్రం చువ్వలు బిగిస్తున్నాడు. ఆ రోజు భయమేసింది, అన్నాడు. మళ్ళీ చువ్వలు బిగించుకున్నాడు. అంతే."

నేను మ్యూనిచ్ పక్కనే ఉన్న ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఒక మీడియా ఆఫీసులో పాత ఫిల్ములు, ఫోటోలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. ఆవిడకు ఏదైనా చేద్దామని ఆ ఫోటోను స్కాన్ చేసి, పెద్దది చేసి, మసకబారిన ముఖాలన్నీ తేటగా వచ్చేలా చేసి తెచ్చాను. తాత ముఖంలో కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు. మురిసిపోతారనుకున్నాను. ఓమా భూతద్దం పెట్టి రెండూ పక్కపక్కన చూశారు.

"ఈ రెప్పలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అసలు ఫోటోలో లేవే."

"కంప్యూటర్ అంచనా వేసి గీస్తుంది ఓమా."

"ఎవరు చెప్పారు దానికి? అది అక్కడ ఉందా?"

ఇది ఆవిడ ఎప్పుడూ అనే రెండో మాట. వార్తలు చదివినా, డాక్టర్ ఏదైనా చెప్పినా, మా ఆయన క్రికెట్ గురించి వాదించినా ఇదే అడిగేవారు: ఎవరు చెప్పారు? వాళ్ళు అక్కడ ఉన్నారా? ఆ రోజు అలా అన్నాక ఫోటో బల్ల మీద పెట్టి, కాసేపు కిటికీలోంచి చూశారు. "తాత పారిపోయాడని కూడా ఎవరో చెప్పిందే కదా. చెప్పినవాళ్ళు అక్కడ ఉన్నారా?" అన్నారు. అప్పటికి ఆవిడకు ఎనభై దాటాయి. అంతకాలం ఎందుకు ఆగారో నాకు తెలీదు. బహుశా జవాబు అంటే ఆవిడకూ కొంచెం జంకు ఉండి ఉంటుంది.

ఎండాకాలంలో ఒక ఆదివారం ముగ్గురం రైలెక్కి ఆ సరస్సు ఊరికి వెళ్ళాం. సహస్ర ఐస్‌క్రీమ్ ఆశతో వచ్చింది. ఓమా కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగారు. పడవలకు రంగులు వేసే అతన్ని, చర్చి ముందు కూర్చున్న ముసలివాళ్ళని. చివరికి పొగబెట్టిన చేపలు అమ్మే ఆవిడ ఒక ఇల్లు చూపించి, "ఆ ఇంట్లో ఒక పాత కప్పు ఉంది, స్కేట్ల బొమ్మతో," అంది.

తలుపు తీసినావిడ ఓమా వయసుదే. పొడుగ్గా, నిటారుగా, నడుం చుట్టూ ఏప్రన్‌తో. కప్పు అల్మరాలో అద్దం వెనక మెరుస్తోంది. ఓమా తానెవరో చెప్పగానే ఆవిడ ముఖం బిగుసుకుంది.

"ఆ కెప్టెన్ మనవరాలివా? పారిపోయాడే, ఆయన?"

"ఎవరు చెప్పారు? వాళ్ళు అక్కడ ఉన్నారా?"

"ఉన్నాడు. మా తాత. మా ఊరి గోలీ ఆయనే."

ఓమా మాటకు అలాంటి జవాబు ఎవరూ ఇవ్వగా నేను చూడలేదు. సహస్ర ఐస్‌క్రీమ్ నాకడం ఆపి ఇద్దరి వంకా చూసింది. ఓమా మెల్లగా, క్లాసులో పిల్లల్ని అడిగినట్టే అడిగారు: "ఆట ఆగేసరికి స్కోరు ఎంత?"

సరస్సు ఊరి ఆవిడ పొయ్యి మీద కూర ఉందన్నారు. తలుపు వేసేశారు.

తిరుగు రైల్లో ఓమా చాలా హుషారుగా ఉన్నారు. నాకు అర్థం కాలేదు. "ఆవిడకు స్కోరు తెలుసు," అన్నారు. "తెలియకపోతే తెలీదనేది."

ఆకులు రాలే రోజుల్లో సరస్సు ఊరి నుంచి ఓమాకు ఫోన్ వచ్చింది. ఓమా నన్నూ రమ్మన్నారు. ఈసారి సరస్సు ఊరి ఆవిడ బల్ల మీద గుడ్డ పరిచి, ప్లమ్ కేకు కోసి పెట్టారు. ముందు అది తిన్నాం.

"మా తాత బతికున్నంతకాలం ఆ కప్పు గురించి గొప్పలు చెప్పుకున్నాడు," అన్నారు చివరికి. "కానీ చివరి రోజుల్లో, మంచం పట్టాక, నాతో ఒక్కదానితోనే ఇంకో మాట చెప్పాడు. వాళ్ళు వెళ్ళిపోయేటప్పటికి మేం రెండు గోల్స్ వెనకబడి ఉన్నాం అని."

ఓమా కాఫీ కప్పు సాసర్లో పెట్టడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నారు. "గెలుస్తున్నారా? మా తాతవాళ్ళు?"

"గెలుస్తున్నారు. అంతకుముందు కొన్ని రోజులు పర్వతాల మీంచి వెచ్చగాలి వీచిందట. అతిథులు ఒడ్డు మీంచి బాగా చూడాలని మా గోల్‌ను వాగు సరస్సులో కలిసే చోట పెట్టించారు. మా తాత అక్కడే నిలబడి ఉన్నాడు. మీ తాత ఆట మధ్యలో ఆయన దగ్గరికి వచ్చి, కర్రతో మంచును కొట్టి, వంగి విని, ఇక్కణ్ణుంచి వచ్చెయ్, కింద నీళ్ళు నడుస్తున్నాయి, అన్నాడట. నన్ను భయపెట్టి గోల్ కొట్టాలని చూస్తున్నాడనుకున్నాడు మా తాత. కదల్లేదు. మీ తాత వెళ్ళి అధికారితో చెప్పాడు. ఆయన ఆడమన్నాడు. అప్పుడు మీ తాత ఒడ్డున కూర్చుని స్కేట్లు విప్పేశాడు. అవతల జట్టు లేకపోతే మావాళ్ళూ ఆడలేరు కదా. అందరూ బయటికి వచ్చేశారు."

"మంచు విరిగిందా?"

"లేదు. ఎవరూ మునగలేదు. ఏమీ కాలేదు. అందుకేగా అందరూ నవ్వారు."

సరస్సు ఊరి ఆవిడ అల్మరా వంక చూడకుండా, "అది మీరు తీసుకెళ్ళండి," అన్నారు. ఓమా తల అడ్డంగా ఊపారు. "కప్పు వద్దు. నాకు ఇంకో ప్రశ్న ఉంది. మా తాత విన్నది నిజమేనా?"

సరస్సు ఊరి ఆవిడ ముందు తెల్లబోయి, తర్వాత ఇంకో ముక్క కేకు వడ్డించారు. ఇద్దరూ ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకునేవారు. సగం సేపు పోట్లాటే. బంతితో ఆడారా, బిళ్ళతో ఆడారా అన్న గొడవ చివరిదాకా తేలలేదు.

ఇప్పుడు ఆ సరస్సు గట్టిగా గడ్డకట్టడం అరుదు. తర్వాతి జనవరిలో చలి ముదిరింది. సరస్సు ఊరి ఆవిడ ఫోన్ చేసి, "వచ్చెయ్, మంచు గట్టిపడింది," అన్నారు.

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఎనభై దాటిన మనిషి, సరస్సుల దిగుతదా? మనమే తోల్కపోతిమని రేపు ఆమె అక్క కొడుకు అడిగితే ఏం చెప్పాలె?" అని నాతో తెలుగులో గొణిగాడు. సహస్ర అతని మాట జర్మన్‌లోకి మార్చి ఓమాకు అందించేసింది. ఓమా నొచ్చుకోలేదు. "నేను దిగను. భయం నాకూ ఉంది," అన్నారు. మా ఆయనే కారు తీశాడు.

సరస్సు ఊరి ఆవిడ తమ ఊరి నీటి రక్షణ దళం వాలంటీరుతో మాట్లాడి పెట్టారు. గడ్డం కుర్రాడు, నడుముకు తాడు, చేతిలో మంచును తొలిచే బరమా. తాడు రెండో కొస మా ఆయన పట్టుకున్నాడు. ముసలమ్మలిద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. కుర్రాడు ముందు సరస్సులోకి కొంత దూరం వెళ్ళి తొలిచాడు. బరమా చాలాసేపు తిరిగింది. చేత్తో కొలిచి చూపించాడు, జానెడు మందం. తర్వాత వాగు కలిసే వైపు వచ్చాడు. పైకి తేడా ఏమీ లేదు, అదే తెలుపు. సగం దారిలో పొట్ట మీద పడుకుని పాకడం మొదలుపెట్టాడు. చెయ్యి చాచి బరమా పెట్టి ఒక తిప్పు తిప్పాడో లేదో, నల్లటి నీళ్ళు బుడబుడా పైకి వచ్చాయి. కుర్రాడు గబగబా వెనక్కి జరిగాడు. మా ఆయన, "అమ్మో!" అని తాడు ఒక్క గుంజు గుంజాడు.

"వేలెడు కూడా లేదు!" అని అరిచాడు కుర్రాడు.

నేను ఓమా వైపు తిరిగాను. సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ టీచర్ గొంతుతోనే, "ఒక్క రంధ్రంతో ఏదీ రుజువు కాదు. ఆనాటి మంచు వేరు, ఈనాటి మంచు వేరు," అన్నారు. అని, చేతి తొడుగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పక్కనున్నావిడ దుప్పటి ఇంకొంచెం ఇటు జరిపారు.

సహస్ర ఆవిడ ముందు కూర్చుని, "వరూమ్?" అంది. ఎందుకు అని. ఆ ఇంట్లో పిల్ల నేర్చుకున్న మొదటి మాట అదే.

"నేను తాతను ఒకటే ప్రశ్న అడిగాను," అన్నారు ఓమా. "భయమేసింది అన్నాడు. ఆయన ఇంకా ముప్పయ్యేళ్ళు నా ఎదురుగానే ఉన్నాడు. దేనికి భయం అని అడగలేదు. ఫిజిక్స్ టీచర్నై ఉండి కూడా."

పోయిన వేసవిలో ఆవిడకు జబ్బని తెలిసింది. ఆసుపత్రికి నేను ఆఫీసు నుంచి అటే వెళ్ళేదాన్ని. కాస్త చారన్నం తీసుకెళ్తే రెండు స్పూన్లు తిని, ఇంగువ ఎప్పుడు వేశావని అడిగేవారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు సరస్సు ఊరి ఆవిడ కూడా అక్కడే ఉన్నారు. ఓమా కళ్ళు మూసుకుని ఉంటే నిద్రపోయారనుకున్నాం.

"ఆ రోజు మావాళ్ళు ఇంటికి రైల్లోనే వెళ్ళి ఉంటారు కదా," అన్నారు కళ్ళు తెరవకుండానే.

"రైల్లోనే," అన్నారు ఆవిడ. "ఇంకో దారి లేదు."

"జట్టంతా ఒకే పెట్టెలో. గెలిచే ఆట పోయింది. అధికారి కోపంగా ఉన్నాడు. తడి బూట్లు, కర్రలు. తాత పక్కన ఎవరైనా కూర్చున్నారా?"

ఏదో ఒకటి చెప్పి ఓదార్చుదామనిపించింది. కానీ, ఎవరు చెప్పారు, అని అడుగుతారు. "తెలీదు ఓమా," అన్నాను. ఆవిడ నవ్వినట్టే అనిపించింది.

అంత్యక్రియల రోజు చిన్న వాన. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు, జుట్టు నెరిసినవాళ్ళు కూడా. సహస్ర తాను రాసుకున్న నాలుగు ముక్కలు జర్మన్‌లో చదివింది. మా ఆయన అందరి గొడుగులూ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత సరస్సు ఊరి ఆవిణ్ణి రైలెక్కించడానికి స్టేషన్‌కు వెళ్ళాం. కారులో దింపుతామంటే ఒప్పుకోలేదు.

సెలవులు ముగిసే రోజేమో, ప్లాట్‌ఫారం నిండా జనం. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన సీటు సంపాదించుకున్నారు. పెట్టె నిండిపోతోంది, నిలబడేవాళ్ళు నిలబడుతున్నారు. ఎవరో ఒకాయన ఆవిడ పక్కన ఖాళీ చూసి వంగి ఏదో అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. తర్వాత నల్ల చేతి తొడుగు ఒకటి తీసి, మన ఊళ్ళో బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటామే, అలా ఆ ఖాళీ సీటు మీద పరిచారు. రైలు కదిలింది. కిటికీ మాకు కనిపించినంత దూరం ఆవిడ చెయ్యి ఆ తొడుగు మీదే ఉంది.